గెలిచే మనిషి

"తినేది తిని మాట్లాడు. ఖాళీ కడుపుతో మీటింగుకు పోతే నోట్లోంచి మంచిమాట రాదు," అంది వెంకటేశ్వరి.

"నాకొద్దు."

"నిన్నటినుంచి ఇదే మాట."

"నిన్న నువ్వన్నమాటే నాకింకా అరగలేదు. అది అరగనీ."

నాగేంద్రప్రసాద్ గోడకు వీపానించి కూర్చున్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ లేని తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఎదురుగా పళ్ళెంలో అన్నం, పప్పు చల్లారిపోతున్నాయి. పప్పును అంత పలచగా కాచడం వెంకటేశ్వరి ఈ నెలలోనే నేర్చుకుంది.

నిన్న ఆమె చెప్పింది ఒకటే సంగతి. ఈ రోజు శుక్రవారం పార్టీ మీటింగులో తన చెయ్యి మొగుడికి లేవదు, అతనికి పోటీగా నిలబడ్డ అన్వర్ బాషాకు లేస్తుంది. అక్కడ అందరి ముందూ తెలిసేకంటే ఇంట్లో తన నోటినుంచే తెలిస్తే నయమనుకుంది. అప్పటినుంచీ ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ ఎవరూ సరిగ్గా తినలేదు.

"ఈ దేశంలో పార్టీని నిలబెట్టిందెవురు?" అన్నాడు అతను, పళ్ళెం వైపు చూస్తూ.

"నువ్వే."

"బోర్డు పెట్టుకునేదానికి లేదు, పేరు పలికేదానికి లేదు. స్నేహసంఘమని బయటికి చెప్పుకుంటా, ఏసీలు రిపేరు చేసే బండిలో తిరిగి ఒక్కొక్కణ్ణి చేర్చినా. నిన్ను గూడా నేనే చేర్చినా. ఆడమనిషి మెంబరేందని అందురూ నవ్వినారు. ఆ పొద్దు నీకోసరం కొట్లాడినా."

"కాదన్లేదు."

"ఆ ఓటే ఈ పొద్దు నా మీదికి తిప్పుతాండావు."

వెంకటేశ్వరి పొయ్యి ఆపింది. గ్యాస్ అయిపోవచ్చింది, మంట ఊరికే వెలగడం ఆమెకిష్టం లేదు.

"నీ మీదికి కాదయ్యా. నువ్వు గెలవవు. అంతే నేనన్నది."

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. ఊరికి ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. రాయచోటి హాస్టల్లో ఉన్న కూతురు అరుణజ్యోతికి తల్లీతండ్రీ బతికున్నారని తెలుసో లేదో. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ దాకా బస్సులు పోతాయని, అక్కణ్ణుంచి విమానాలని అందరూ చెప్పుకుంటున్నారు. ఎవరు ముందు ఎక్కాలో తేల్చే కమిటీలోకి ఏరియాకొక మనిషిని పంపమన్నారు. వీళ్ళుండే బ్నీద్ అల్ గార్‌లో ఉన్న భారతీయులంతా ఆదివారం ఒక స్కూలు ఆవరణలో చేరి ఆ మనిషిని ఎన్నుకుంటారు. సంఘానికొక పేరు తేవాలి. శ్రమజీవుల పార్టీ తెచ్చే పేరు ఎవరిదో ఈ మధ్యాహ్నం తేలాలి.

పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళకు అంత భయం లేదు. లేనివాళ్ళ సంగతే కష్టం. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ పాస్‌పోర్టులు కఫీళ్ళ, అంటే వీసా ఇచ్చిన యజమానుల, బీరువాల్లో ఉన్నాయి. కఫీళ్ళు ఇళ్ళు వదిలి సౌదీకి పారిపోయారు. వెంకటేశ్వరి వంటచేసే ఇంటివాళ్ళయితే ఎండాకాలం సెలవులకని లండన్ పోయి అక్కడే ఉండిపోయారు. కంపెనీ తిరిగిచ్చేయడంతో నాగేంద్రప్రసాద్ పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. లేనివాళ్ళకు దానికి బదులు కాగితం రాసిస్తారట, కాకపోతే ఏరియా మనిషి కమిటీలో కూర్చుని, వీళ్ళు మావాళ్ళేనని పూచీపడి, పట్టుబట్టి అడగాలి.

తనను పంపితే పాస్‌పోర్టు లేని ఆడవాళ్ళను ముందెక్కించాలని అడుగుతానని నాగేంద్రప్రసాద్ అందరికీ చెప్పాడు. అన్వర్ బాషా ఏమీ చెప్పలేదు. ముందు గెలుద్దాం, గెలిచినాక చూద్దాం అన్నాడు.

"నీ పాస్‌పోర్టు యాడుండాదో మర్చిపోయినావా?" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"నాది నేను మర్చిపోతానా? గాబట్టే చెప్తాండా. నాకు గెలిచేవాడు కావాల."

"నేనెందుకు గెలవను?"

"పంజాబోళ్ళు నీకెందుకు ఓటేస్తారో చెప్పు. మలయాళమోళ్ళు ఎందుకేస్తారో చెప్పు. వాళ్ళతో నువ్వు ఒకనాడన్నా కూసోని చాయ్ తాగినావా?"

"న్యాయం అడుగుతాండా గదా."

"న్యాయం అడిగేవాణ్ణి మెచ్చుకుంటారు. ఓటు మాత్రం ఇంగొగనికేస్తారు."

అతను ఏదో అనబోయేలోగా తలుపు దగ్గర మద్దమ్మ కనిపించింది. చేతిలో ఖాళీ బిందె. బిల్డింగు కింద సర్దాబులో, అంటే నేలమాళిగలో, పనిచేసే ఇళ్ళు విడిచివచ్చిన ఆడవాళ్ళంతా చాపలేసుకుని ఉంటున్నారు. మద్దమ్మ వాళ్ళలో పెద్దది. వెంకటేశ్వరికి సొంత చిన్నమ్మ. రెండేళ్ళ కింద ఆమెను కువైట్‌కు పిలిపించింది వెంకటేశ్వరే.

"మాకోసరం మీరు కొట్లాడుకోవద్దండి నాయనా," అంది మద్దమ్మ. బిందె కింద పెట్టి అడిగింది. "అల్లుడా, మాకు ఓటు లేదా ఈ పొద్దు?"

"మెంబరై ఏడాది దాటాల చిన్నత్తా. రూలు."

"ఆ రూలు మార్చు," అంది వెంకటేశ్వరి వెంటనే. "సర్దాబులో ఉండే ఆడోళ్ళందరికీ ఓటియ్యి. కార్యదర్శివి నువ్వే గదా. అప్పుడు నీకే అన్ని చేతులూ లేస్తాయి. నేను గూడా నోర్మూసుకుంటా."

నాగేంద్రప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

"నాకు పనికొస్తాదని నేను రూలు మారిస్తే, రేపు ఇంగొగడు వానికి పనికొస్తాదని మారుస్తాడు. అప్పుడు పార్టీ ఏముండాది?"

"రేపటిదాకా మనముంటే గదా పార్టీ."

మద్దమ్మ బిందె నింపుకుని, ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పళ్ళెంలో అన్నం అట్లాగే ఉంది.



మీటింగు అన్వర్ బాషా ఇంట్లో జరిగింది. అదే బిల్డింగు కింది అంతస్తులో, కిటికీలకు దుప్పట్లు కట్టిన గది. గుంపుగా చేరితే సైనికులు వచ్చి అడుగుతారని, నమాజు నుంచి వచ్చేవాళ్ళలాగా ఒక్కొక్కరే వచ్చారు. అందరూ కలిసి పదిహేనుమందికి లోపే. బాషా భార్య జుబేదా బీ నల్లటి చాయ్ పోసింది. పాలు దొరకడం మానేసి చాలా రోజులైంది.

పెద్దవాడని చిన్నపుల్లయ్యను మధ్యలో కూర్చోబెట్టారు. మేస్త్రీ పనిచేసి చేతులు గట్టిపడ్డ మనిషి. అతనికి గట్టిగా మాట్లాడడం రాదు.

"ఇద్దరూ మనోళ్ళే. గొడవొద్దు. ఒక్కొక్కరు ఒక మాట చెప్పండి," అన్నాడు.

నాగేంద్రప్రసాద్ లేచి నిలబడే మాట్లాడాడు. పాస్‌పోర్టు లేని ఆడవాళ్ళను సైనికులు ఇళ్ళల్లోనుంచి లాక్కుపోయిన సంగతులు చెప్పాడు. చేతిలో కాగితముండేవాడు ఎప్పుడైనా పోగలడని, లేనివాళ్ళు ఒకసారి వెనకబడితే ఖలాస్, ఇంక వాళ్ళను తలుచుకునేవాడుండడని చెప్పాడు. మంచిగా మాట్లాడాడు. ఇదే మనిషి ఇంట్లో ఇట్లా ఎందుకు మాట్లాడడో ఆమెకెప్పుడూ తెలియలేదు.

అన్వర్ బాషా కూర్చునే మాట్లాడాడు. అతనిది రాయచోటి. లారీ నడుపుతాడు. సైనికులు రోడ్లు మూసేసిన రోజుల్లో దజీజ్ గోదాముల నుంచి బియ్యం మూటలు తెచ్చి, తెలుగువాడా మలయాళీనా అని చూడకుండా గల్లీ గల్లీకి పంచాడు. ఆ బియ్యానికి చెక్‌పోస్టుల దగ్గర ఎవరితో ఏం మాట్లాడాడో ఎవరూ అడగలేదు.

"ప్రసాదు చెప్పింది నిజమే," అన్నాడు బాషా. "ఒక్క మాట గూడా తప్పు లేదు. అయితే ఆదివారం పొద్దున ఈ గదిలో ఉండేవాళ్ళు మాత్రమే ఉండరు. ఆ కాంట్రాక్టు కంపెనీ మేనేజరు నిలబడతాండాడు. వాళ్ళ కంపెనీ వాళ్ళు ముందు, మిగతావాళ్ళు తర్వాత అని ఇప్పటికే చెప్పుకుంటాండాడు. వాణ్ణి ఓడించాలంటే పంజాబీ డ్రైవర్లు కావాల, కేరళావాళ్ళు కావాల. లేనోళ్ళు ముందెక్కాలని ప్రసాదు పోయి చెప్తే, పిల్లల్ని ఎత్తుకోని నిలబడినవాడు చప్పట్లు కొడతాడు. కొట్టి మేనేజరుకేస్తాడు."

"నువ్వు పోయి ఏం చెప్తావు?" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"ఏం చెప్తే గెలుస్తామో అది."

"అదేందని అడుగుతాండా."

"ఇప్పుడే ఎట్ల చెప్తాం ప్రసాదూ? వాళ్ళేమడుగుతారో తెలీదు గదా."

గోడకానుకుని కూర్చున్న సిద్ధయ్య గొంతు సవరించుకున్నాడు. లక్కిరెడ్డిపల్లె వైపు మనిషి, నాగేంద్రప్రసాద్‌కు మొదటినుంచీ వెనక నిలిచినవాడు.

"గెలిచేది ఓడేది పక్కనపెట్టు. మన పార్టీ పేరుమీద సాయిబును నిలబెడితే రేపు ఊర్లో ఏమంటారో చూసుకోండి. నాకైతే ప్రసాదన్నే."

జుబేదా బీ చేతిలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. అన్వర్ బాషా నేలచూపులు చూస్తూ ఉండిపోయాడు.

"సిద్ధయ్యా," అన్నాడు నాగేంద్రప్రసాద్. గొంతు పెంచలేదు. "ఆ మాట మీద నాకొచ్చే చెయ్యి నాకొద్దు. నువ్వు ఎత్తబాక."

"నీ మంచికే గదన్నా చెప్తాండా."

"నా మంచి అట్ల రానక్కర్లేదు."

సిద్ధయ్య మొహం ఎర్రబడింది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చీటీలు రాద్దామా?" అన్నాడు బాషా మెల్లగా. "ఎవురిది వాళ్ళు మడిచి వేస్తే సరిపోతాది. ఎవురికీ మొహమాటముండదు."

అది తన కోసమే అన్నాడని వెంకటేశ్వరికి తెలుసు. నాగేంద్రప్రసాద్‌కూ తెలుసు.

"మన పార్టీలో చేతులెత్తడమే," అన్నాడు అతను. "దాచుకోని వేసే ఓటు మన రూల్లో లేదు."

చేతులెత్తారు. చిన్నపుల్లయ్య వేలుపెట్టి చూపిస్తూ ముందు నాగేంద్రప్రసాద్‌వి, తర్వాత బాషావి లెక్కించాడు. మళ్ళీ లెక్కించాడు. సరిసమానం. సిద్ధయ్య చేతులు చంకల్లోంచి బయటికి రాలేదు.

"ఎంకటేశ్వరమ్మా, నీదొకటే మిగిలింది," అన్నాడు చిన్నపుల్లయ్య, ఆమె వైపు చూడకుండా.

వెంకటేశ్వరి తలుపు పక్కన జుబేదా బీ దగ్గర కూర్చుంది. మొగుడి మెడ వెనక భాగం మాత్రమే ఆమెకు కనిపిస్తోంది. ఈ మెడను చూస్తూ బండిలో వెనక సీట్లో కూర్చుని ఎన్నిసార్లు ఎన్ని వీధులు తిరిగిందో. ఇప్పుడు ఊరికే కూర్చుంటే సరిపోతుంది. సమానంగా ఉంటే కార్యదర్శికే వదిలేస్తారు. ఆదివారం అతను స్కూల్లో నిలబడి ఇందాక మాట్లాడినట్లే మంచిగా మాట్లాడతాడు. మేనేజరు గెలుస్తాడు.

ఆమె చెయ్యి భుజం దాకా లేచింది.

"ఎవురికి?" అన్నాడు చిన్నపుల్లయ్య.

"బాషన్నకు."

నాగేంద్రప్రసాద్ వెనక్కి తిరగలేదు.

"ఇంగా పైకెత్తమని చెప్పు పుల్లయ్య మామా," అన్నాడు. "అందురికీ కనపడాల."

ఆమె ఎత్తింది.



ఆ సాయంత్రం అతను అన్నం తిన్నాడు. ఇంకొంచెం పప్పు వేయమని కూడా అడిగాడు. కోపంగా లేడు. దానికే వెంకటేశ్వరికి భయమేసింది.

"ఏమన్నా అను," అంది ఆమె.

"ఏమనాల?"

"తిట్టు."

"ఓటేసినావు. లెక్కపెట్టినారు. తిట్టేదానికేముండాది?"

శనివారమంతా అట్లాగే గడిచింది. అతను ఉదయం ఖుబ్బూస్ రొట్టెల కోసం లైన్లో నిలబడి వచ్చాడు. మధ్యాహ్నం బాషా కోసం పంజాబీ డ్రైవర్ల గదులకు వెళ్ళి, రాని హిందీలో మా మనిషికి ఓటేయండని అడిగొచ్చాడు. ఓడిపోయినవాడు గెలిచినవాడి కోసం తిరగాలన్నది కూడా అతని రూలే. రాత్రికి అలసిపోయి, వచ్చినవాడు వచ్చినట్టే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం బాషా గెలిచాడు.

ఆ సంగతి స్కూలు నుంచి వచ్చినవాళ్ళు కేకలేసి చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కి వాళ్ళ వాళ్ళ గదుల్లోకి పోయారు. సైనికుల భయంతో ఆడవాళ్ళెవరూ స్కూలుకు పోలేదు. వెంకటేశ్వరి వరండాలో నిలబడి అడిగితే సిద్ధయ్య మాత్రం, "గెలిచినాడు, గెలిచినాడు," అని రెండుసార్లు చెప్పి గబగబా వెళ్ళిపోయాడు.

బాషా మధ్యాహ్నానికి వచ్చాడు. చెప్పులు విప్పి గుమ్మం లోపల నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మంగళవారం తెల్లారి మొదటి బస్సు," అన్నాడు. "పాస్‌పోర్టు ఉండేవాళ్ళు ముందు. పిల్లలు గలవాళ్ళతో కలిపి నీ పేరుండాది ప్రసాదూ."

"నా పేరొకటేనా?"

"పాస్‌పోర్టు ఉండేవాళ్ళవి."

వెంకటేశ్వరి వంటగదిలోంచి బయటికొచ్చింది.

"లేనోళ్ళు ఎప్పుడన్నా?"

"ఉండేవాళ్ళందరూ ఎక్కినాక."

"ఎన్ని బస్సులొస్తాయి?"

"అది ఎవురికీ తెలీదమ్మా."

ఆమె గోడ పట్టుకుంది. "గెలిచినాక చూద్దామంటివి గదన్నా."

"అన్నా."

"గెలిచినావు గదా."

"ఆ మాటిచ్చే గెలిచినా," అన్నాడు బాషా. "కేరళావాళ్ళు అదే అడిగినారు. పంజాబోళ్ళు అదే అడిగినారు. పాస్‌పోర్టు ఉండేవాళ్ళు ముందని అందరి ముందర చెప్పు, మా ఓట్లు నీకే అన్నారు. చెప్పకపోతే మేనేజరు గెలిచేవాడు. వాడైతే లేనోళ్ళ మాటే ఎత్తడు. నేను ఆఖరునన్నా ఎక్కిస్తానని చెప్పినా. అంతవరకే సాగింది."

"మాట తిప్పుకోలేవా ఇప్పుడు?"

"తిప్పితే రేపే దించేస్తారు. అప్పుడు ఆఖరు గూడా ఉండదు."

"నీ పేరు, జుబేదమ్మ పేరు?" అని అడిగింది వెంకటేశ్వరి. అడిగినాక అడక్కుండా ఉండాల్సిందనుకుంది.

"మాది గూడా మంగళవారమే రాసినారు. నేను పోను. ఆమెను పంపిస్తా." బాషా తల పైకెత్తాడు. "నన్ను చెడ్డోడనుకుంటే అనుకోమ్మా. నాకేం కోపం లేదు."

నాగేంద్రప్రసాద్ లేచి వచ్చి బాషా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పు లేదు బాషా. గెలిచేవాణ్ణి పంపినాం. గెలిచేవాడు చేసే పనే చేసినావు."

ఆ మాట బాషాతో అన్నాడు గానీ బాషా చూపు, వెంకటేశ్వరి చూపు రెండూ కింద పడ్డాయి.



"నేను పోను," అన్నాడు నాగేంద్రప్రసాద్ సోమవారం ఉదయం. అరగంట తర్వాత, "పోతే ఏమైతాది?" అన్నాడు.

వెంకటేశ్వరి అతని చొక్కాలు మడతపెడుతోంది. పొమ్మని ఎవరూ అనకముందే ఆమె చేతులు ఆ పనిలో పడ్డాయి.

"పాపకు ఒకరన్నా కావాల గదా," అంది. "ఇద్దరమూ ఇక్కడే సస్తే అది హాస్టల్లోంచి యాడికి పోతాది? నీకు కాగితముండాది. పో."

"పొమ్మంటాండావా?"

"పొమ్మంటాండా."

"నిన్నిడిసిపెట్టి?"

"సర్దాబులో చిన్నమ్మ ఉండాది. అంకాలమ్మ ఉండాది. నేనొకదాన్నేనా?"

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద రోడ్డుమీద ఇరాక్ సైనికులు ఒక ఇంట్లోంచి ఫ్రిజ్ మోసుకొచ్చి జీపులో పెడుతున్నారు. అది లోపలికి పట్టడం లేదు. పక్కకు తిప్పుతున్నారు, మళ్ళీ దించుతున్నారు.

"ఉండమని నువ్వొక మాటంటే ఉందునే నేను," అన్నాడు కిటికీ వైపే చూస్తూ. "పాపకోసరమని నాకు తెలీదా? తెలుసు. అయినా ఒక మాటంటావేమోనని చూసినా."

"ఉండి ఏంచేస్తావు?"

ఆ ప్రశ్న ఆమె నిజంగానే అడిగింది. అతనికి మాత్రం వేరేగా వినిపించింది.

"నిజమే. నావల్ల ఏమీ కాదని నువ్వే చెయ్యెత్తి చెప్పినావు గదా. అందురికీ కనపడేటట్టు. ఇంగ నేనిక్కడుండి ఎవురికేం చేసేది?"

"ఎత్తమనింది నువ్వే."

"పైకెత్తమన్నా. ఎత్తమనలేదు."

వెంకటేశ్వరి చేతిలో చొక్కా అట్లాగే నిలిచిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నో జగడాలు. ఎప్పుడూ ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతూనే ఉండేది. ఈసారి ఆమె చొక్కాను మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి, సంచిలో పెట్టింది.



మంగళవారం ఉదయం బస్సు స్కూలు ముందు నిలబడింది. జుబేదా బీ కిటికీ పక్క సీట్లో కూర్చుని ముసుగు మొహమ్మీదికి లాక్కుంది. చిన్నపుల్లయ్య ఎక్కాడు. నాగేంద్రప్రసాద్ పేరు పిలిచారు. అతను వెంకటేశ్వరి ముందు ఆగి, ఏదో చెప్పడానికి నోరు తెరిచి, "మంచినీళ్ళు కాంచుకోని తాగు," అని మాత్రం అన్నాడు.

"పాపతో చెప్పు," అంది ఆమె. ఏం చెప్పాలో చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఎక్కాక అతను ఆమె నిలబడిన వైపు కాకుండా అవతలి వైపు సీట్లో కూర్చున్నాడు. ఈ వైపు ఖాళీ లేకనో, ఉన్నా అటే కూర్చున్నాడో ఆమెకు తెలియలేదు. బస్సు కదిలాక తల ఎత్తి వెతికింది. అద్దాల మీద దుమ్ము, ఎవరెవరో మొహాలు. అతని మొహం కనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పటికి పై గదికి వెళ్ళబుద్ధి కాలేదు. సర్దాబులోకి దిగింది. ఫ్యాను లేని ఆ గదిలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి ఎవరూ పలకరించలేదు. అంకాలమ్మ మాత్రం కొంచెం జరిగి చోటిచ్చింది.

"పోయినాడా?" అంది మద్దమ్మ.

"పోయినాడు చిన్నమ్మా."

"మంచిది. పాప దగ్గరికి ఒగరన్నా పోయినారు." మద్దమ్మ చాప అంచును వేళ్ళతో పీకుతూ కూర్చుంది. "నువ్వు చెయ్యెత్తకుండా ఉంటే ఏమయ్యేదే?"

"ఆయన ఆదివారం ఓడిపోయేవాడు."

"ఓడిపోనీ. ఓడిపోయేవాడన్నా నలుగురిలో మా పేరెత్తేవాడు. ఇప్పుడు గెలిచినాయన మా పేరెత్తనని మాటిచ్చి గెల్చినాడు."

"ఆఖరున ఎక్కిస్తాననినాడు."

"ఆఖరంటే యాడ?"

మద్దమ్మ తిట్టలేదు, ఏడవలేదు. నువ్వు రమ్మంటేనే గదా వచ్చినా ఈ దేశానికి అన్న మాట ఆమె నోట్లోంచి వస్తుందని వెంకటేశ్వరి ఎదురుచూసింది. అది కూడా రాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సిద్ధయ్య తల వంచుకుని లోపలికొచ్చాడు. ఆడవాళ్ళ మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక స్తంభాన్ని ఆనుకున్నాడు.

"వదినా, ఒక మాట. ప్రసాదన్న పోయె. కార్యదర్శి లేకుండా పార్టీ ఉండకూడదు. రేపు మీటింగు పెట్టి ఒకర్ని ఎన్నుకుందామని అనుకుంటాండాం."

"ఓటు ఎవురికుండాది?"

"మెంబర్లకే. ఏడాది దాటినోళ్ళకు."

"వీళ్ళకు?" అంది వెంకటేశ్వరి, చాపల మీది ఆడవాళ్ళను చూపిస్తూ.

సిద్ధయ్య ఇబ్బందిగా చూశాడు. "రూలు మార్చాల వదినా. మార్చాలంటే కార్యదర్శి మీటింగు పిలవాల. కార్యదర్శి లేడు గదా. ముందు కార్యదర్శిని ఎన్నుకోవాల. దానికేమో పాత రూలే."

"సిద్ధయ్యా, నీ బస్సెప్పుడు?"

"ఎల్లుండంట."

"మిగతావాళ్ళది?"

"ఎల్లుండి కొందరు. ఆపైన ఇంగో బస్సొస్తే మిగతావాళ్ళు."

"అందరికీ పాస్‌పోర్టులుండాయి గదా."

"ఉండాయి."

"మరి ఎవుర్ని ఎన్నుకునేది అబ్బా?"

అతను స్తంభం మీది సున్నం గోటితో గీకుతూ కాసేపు నిలబడ్డాడు. ఈ లెక్క అతనిదాకా ఇప్పుడే వచ్చినట్టుంది. "అందుర్నీ అడిగి చెప్తా," అని గొణిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. చెప్పడానికి తిరిగి రాడని ఆమెకు అర్థమైంది.

మద్దమ్మ కొంగు తల కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మిగతా ఆడవాళ్ళు వెంకటేశ్వరి వైపే చూస్తున్నారు. ఎల్లుండి బస్సు, ఆపైన వచ్చే ఇంకో బస్సు పోతే, ఈ బిల్డింగులో బాషాను వదిలేస్తే, పార్టీలో ఓటున్న మనిషి ఇంక తనొక్కతే.

"ఇంగ మాకోసరం పోయి అడిగేదెవురమ్మా?" అంది అంకాలమ్మ.

వెంకటేశ్వరి ఒక్కొక్క పేరే తలుచుకుంది. ఎవరిది తలుచుకున్నా ఆ పేరు బస్సెక్కుతోంది. చివరకు మిగిలింది తనపేరే. గెలవదని తెలిసిన ఆ పేరును పైకి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.